రెజ్యూమె కూడా రికార్డే

మందుల కంపెనీల్లో వాక్-ఇన్ ఇంటర్వ్యూలు ఎక్కువగా ఆదివారాలే పెడతారు. మిగతా రోజుల్లో కుర్రాళ్లు ఏదో ఒక షిఫ్టులో ఉంటారు. సెలవడిగితే ఎందుకని ఆరా తీస్తారు. అందుకే పేపర్లోనో వాట్సాప్ గ్రూపులోనో ప్రకటన చూసుకుని, ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ బట్టలతో, ప్లాస్టిక్ ఫోల్డరుతో దిగుతారు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, జడ్చర్ల నుంచి వస్తారు. పరవాడ నుంచి, పైడిభీమవరం నుంచి రాత్రి రైలెక్కి వచ్చేవాళ్లూ ఉంటారు. పదో తరగతి మెమో మొదలుకొని మూడు నెలల జీతం స్లిప్పుల దాకా ఫోల్డర్లో అన్నీ వరుసగా పెట్టుకుంటారు. అన్నిటికంటే పైన రెజ్యూమె.

నేను క్వాలిటీ కంట్రోల్ మనిషిని. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివి అనలిస్టుగా చేరాను. ఏళ్ల తరబడి బెంచి దగ్గర నిలబడి పనిచేసి, ఇప్పుడు ఒక బల్క్ డ్రగ్ కంపెనీ ల్యాబ్ చూసుకుంటున్నాను. వాక్-ఇన్ రోజున జీతం, నోటీసు పీరియడ్ లాంటివి హెచ్‌ఆర్ వాళ్లు మాట్లాడతారు. ఆ కాగితంలో ఉన్న పని ఈ మనిషి చేతులతో చేసిందేనా అని చూడ్డం నా వంతు. ఇన్నేళ్లుగా రెజ్యూమెలు చదివాక నాకు కుదిరిన నమ్మకం ఒకటుంది. మా రంగంలో రెజ్యూమెని బ్యాచ్ రికార్డు రాసినంత జాగ్రత్తగా రాయాలి. చేసింది రాయాలి, చేసినంతే రాయాలి, ఎవరు అడిగినా చూపించగలిగేలా రాయాలి.

చేతికొచ్చే కాగితాల్లో చాలావరకు ఒకే అచ్చు. పైన కెరీర్ ఆబ్జెక్టివ్ ఉంటుంది. సవాళ్లున్న చోట పనిచేసి సంస్థ ఎదుగుదలకు తోడ్పడతానని. దాని కింద బాధ్యతలు: హెచ్‌పీఎల్‌సీ, జీసీ, యూవీ, ఐఆర్, కార్ల్ ఫిషర్ హ్యాండ్లింగ్, జీఎంపీ, జీఎల్‌పీల మీద అవగాహన, డాక్యుమెంటేషన్, పైవాళ్లు అప్పజెప్పిన ఇతర పనులు. ఈ పేరా ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. మియాపూర్, కూకట్‌పల్లి హాస్టల్ గదుల్లో ఎవరో ఒక సీనియర్ ఫైలు తిరుగుతూ ఉంటుంది. పేరు, కాలేజీ మార్చుకుని తలా ఒకటి తీసుకుంటారు. ఒక్కోసారి పాత మనిషి ఈమెయిల్ అడుగున అలాగే మిగిలిపోతుంది.

దీన్ని నేను బద్ధకం అనుకోను. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు మా రంగంలో చాలామంది. సొంతంగా ఇంగ్లీషు వాక్యం రాస్తే ఎక్కడ తప్పు పోతుందోనని భయం. ఒకసారి ఉద్యోగం తెచ్చిపెట్టిన పేరా చేతిలో ఉండగా కొత్తది రాయడమెందుకు అనుకుంటారు. కానీ నష్టం వాళ్లకే. నాలుగేళ్లు జీసీ మీద రెసిడ్యువల్ సాల్వెంట్లు చేసిన అమ్మాయి, జీసీని పక్కన నిలబడి చూసిన అబ్బాయి ఆ పేరాలో ఒకేలా కనిపిస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడితే తేడా తెలుస్తుంది. ఆ పది నిమిషాలు దొరకాలంటే ముందు కాగితం నెగ్గాలి కదా.

అందుకే ఎవరైనా సలహా అడిగితే, ముందు ఆ పేరా చింపేయమంటాను. ఏ పరికరం, దాని మీద ఏ సాఫ్ట్‌వేర్, ఏ పరీక్ష, ఏ రకం శాంపిల్ అనేవి రాయమంటాను. వాటర్స్ హెచ్‌పీఎల్‌సీ మీద ఎంపవర్‌లో పనిచేసినవాళ్లు, షిమాడ్జు మీద ల్యాబ్‌సొల్యూషన్స్ వాడినవాళ్లు ఆ మాట స్పష్టంగా చెప్పాలి. ఏపీఐకి, అంటే బల్క్ డ్రగ్‌కి, అస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ చేశారా? ముడి సరుకులు మాత్రమే చూశారా? ఇన్-ప్రాసెస్ శాంపిళ్లా? రియాక్టర్ దగ్గర ఆపరేటర్ ఎదురుచూస్తుంటే నలభై నిమిషాల్లో రిజల్ట్ ఇవ్వడం ఒక రకం నేర్పు. స్టెబిలిటీ సెక్షన్‌లో 25 డిగ్రీలు-60 శాతం తేమ, 40 డిగ్రీలు-75 శాతం తేమ చాంబర్ల నుంచి తేదీ తప్పకుండా శాంపిళ్లు తీసి, నెలల తరబడి ఒకే బ్యాచ్‌ని వెంబడించడం ఇంకో రకం నేర్పు. రెండూ మాకు కావాలి, కానీ ఒకే సీటుకు కాదు. షిఫ్టుకి సుమారు ఎన్ని శాంపిళ్లు పూర్తిచేసేవాళ్లో రాస్తే ఇంకా మంచిది. ఆ అంకె చూడగానే ఆ ల్యాబ్ ఎంత పెద్దదో, ఈ మనిషి మీద ఎంత బరువు పడిందో నాకు అర్థమైపోతుంది.

మెథడ్ వాలిడేషన్ అనే మాట తరచుగా కనిపిస్తుంది. ప్రోటోకాల్ రాసింది ఎవరు, ప్రెసిషన్, లీనియారిటీ ఇంజెక్షన్లు పెట్టింది ఎవరు, రిపోర్టు ఎవరు తయారుచేశారు? ముగ్గురూ ఆ మాట రాసుకోవచ్చు, తప్పు లేదు. అయితే తన భాగం ఏదో చెప్పాలి. ‘వాలిడేషన్‌లో సహాయం చేశాను, లీనియారిటీ, రికవరీ ప్రయోగాలు నావి’ అని రాసిన కాగితానికి నా దగ్గర గౌరవం ఎక్కువ. సహాయం అనే మాట రాయడానికి పిల్లలు జంకుతారు. రెండేళ్ల అనుభవంతో వచ్చినవాళ్లు అంతా తామే నడిపామని రాస్తేనే నాకు అనుమానం వస్తుంది.

ఆడిట్ల సంగతీ అంతే. యూఎస్‌ఎఫ్‌డీఏ, ఈయూ, అన్వీసా ఆడిట్లు ఎదుర్కొన్నామని అందరూ రాస్తారు. ఒకబ్బాయిని అడిగాను.

“ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున నువ్వు ఎక్కడున్నావు బాబూ?”

“నైట్ షిఫ్ట్ మేడమ్. పొద్దున వాళ్లు వచ్చేసరికి వెళ్లిపోయాను.”

“మరి ఆడిట్ కోసం నువ్వేం చేశావు?”

కాసేపు ఆలోచించి చెప్పాడు. ఆడిట్‌కి ముందు నెలంతా బ్యాలెన్సుల కాలిబ్రేషన్ రికార్డులు, కాలమ్ వాడకం లాగ్‌బుక్కులు పాత తేదీల నుంచి తిరగేసి, ఎక్కడెక్కడ ఖాళీలున్నాయో జాబితా తీశాడు. ఆ ఖాళీలను వెనకటి తేదీలతో నింపకుండా, ఉన్నవి ఉన్నట్టు చూపిస్తూ డీవియేషన్ రాయించాడట. ఇంత మంచి పని చేసినవాడు కాగితం మీద మాత్రం ‘ఫేస్డ్ యూఎస్‌ఎఫ్‌డీఏ ఆడిట్’ అని మూడు ముక్కలు రాశాడు. నేను ల్యాబ్ నడుపుతున్న మనిషిగా చెబుతున్నాను, అతను నోటితో చెప్పిన ఆ రెండు వాక్యాలకే ఉద్యోగం ఇవ్వాలనిపించింది.

రంగంలో ఏం జరిగితే అది వెంటనే రెజ్యూమెల్లోకి దిగుతుంది. 2018 జులైలో వాల్సార్టాన్ అనే రక్తపోటు మందులో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ కనిపించి, యూరప్, అమెరికాల్లో బ్యాచ్‌లు వెనక్కి రప్పించారు. క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పదార్థం కాబట్టి రోజుకి 96 నానోగ్రాములు మించకూడదని పరిమితి పెట్టారు. అంత తక్కువ మోతాదు మామూలు హెచ్‌పీఎల్‌సీకి చిక్కదు. ఎల్‌సీ-ఎంఎస్, జీసీ-ఎంఎస్ నడపగలిగేవాళ్ల కోసం కంపెనీలన్నీ వెతకడం మొదలుపెట్టాయి. కొన్నాళ్లకే వచ్చిన కాగితాలన్నిట్లో నైట్రోసమైన్ అనే మాట చేరింది. అలాంటప్పుడు నేను ఒక్కటే అడుగుతాను: శాంపిల్ తయారుచేసేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకున్నారు? ఆ పని నిజంగా చేసినవాళ్లు బ్లాంక్‌లో వచ్చిన పీక్ గురించి, గ్లాస్‌వేర్ గురించి, సాల్వెంట్ గురించి ఆపకుండా చెబుతారు. పడిన కష్టం మరిచిపోవడం కుదరదు. దాన్నే ఒక వాక్యంగా కాగితం మీద పెట్టమంటాను.

ఇక అనుభవం ఎక్కువ చేసి రాయడం గురించి. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. డబ్బు తీసుకుని అనుభవం సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లున్నారని హైదరాబాదులో చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. తీసుకునేవాళ్లంతా చెడ్డవాళ్లని అనను. రెండేళ్ల అనుభవం లేనిదే ఎవరూ రానివ్వరు, రానివ్వకపోతే అనుభవం ఎక్కణ్నుంచి వస్తుంది అని వాళ్ల వాదన. ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ మా పని ఏమిటో చూడండి. ముందు ఒక నంబరు పుట్టాలి, ఆ నంబరు మీద ఒకరు సంతకం పెట్టాలి, ఆ సంతకాన్ని నమ్మి మందు బయటికి పోతుంది. ఎక్కడో ఒక ఊళ్లో ఒక పెద్దాయన దాన్ని మంచినీళ్లతో మింగుతాడు. మింగేముందు దాన్ని పరీక్షించుకోవడం ఆయన వల్ల కాదు. అందుకే మా దగ్గర డేటా ఇంటెగ్రిటీ అంత పెద్ద మాట. ఎవరు చేశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, చేసినప్పుడే రాయాలి, అసలు ప్రతి ఉండాలి, నిజం ఉండాలి. చేరిన మొదటి వారంలోనే ప్రతి అనలిస్టుకీ ఇది నేర్పుతాం. యూఎస్‌ఎఫ్‌డీఏ దీని మీద 2016లో ముసాయిదా, 2018 డిసెంబరులో తుది మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇంకో సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. ఉద్యోగం వచ్చాక రెజ్యూమె చెత్తబుట్టలోకి పోదు. ఏపీఐ తయారీకి ప్రపంచమంతా పాటించే ఐసీహెచ్ క్యూ7 ప్రకారం చదువు, శిక్షణ, అనుభవం తగినంత ఉన్నవాళ్లే ఆ పని చేయాలి. అది రుజువు చేసే కాగితాల్లో రెజ్యూమె ఒకటి. అది ట్రైనింగ్ ఫైల్లో చేరుతుంది. ఇన్‌స్పెక్టర్ ఒక క్రోమటోగ్రామ్ చూసి, ఈ ఇంజెక్షన్ పెట్టిన మనిషి ఫైలు తెమ్మంటే తేవాల్సిందే. ఇంటర్వ్యూ రోజు గట్టెక్కిన అబద్ధం మూడేళ్ల తర్వాత ఆ బల్ల మీద తెరుచుకోవచ్చు. అప్పుడు పోయేది ఒక్క మనిషి ఉద్యోగం కాదు, ఆ మనిషి సంతకం చేసిన డేటా అంతా అనుమానంలో పడుతుంది.

తేదీలకు చట్టంలోనూ విలువ ఉంది. డ్రగ్స్ రూల్స్ ప్రకారం, తయారీని పర్యవేక్షించే సాంకేతిక సిబ్బందిగా ఆమోదం పొందాలంటే ఫార్మసీ పట్టభద్రులకు డిగ్రీ తర్వాత తయారీలో కనీసం 18 నెలల అనుభవం, కెమిస్ట్రీ ముఖ్యాంశంగా చదివిన సైన్సు పట్టభద్రులకు కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. ఈ లెక్క నెలల్లో చూస్తారు. కాబట్టి ‘2019 నుంచి 2022’ అని రాస్తే చాలదు. చేరిన నెల, వదిలిన నెల రాయాలి, రిలీవింగ్ లెటర్లో ఉన్నదే రాయాలి. 2014లో యూఏఎన్ వచ్చాక పీఎఫ్ ఖాతాలో చేరిన తేదీ, వదిలిన తేదీ ఎలాగూ కనిపిస్తున్నాయి.

మధ్యలో ఖాళీ ఉంటే ఏం చేయాలని అందరూ భయపడతారు. ఖాళీ ఉంటే ఖాళీ రాయండి. గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదివామని రాయండి. నాన్నకి ఆరోగ్యం బాగాలేక ఊళ్లో ఉన్నామని రాయండి. ఆడపిల్లలు పెళ్లి తర్వాత, కాన్పు తర్వాత ఆగిపోయి, మూడు నాలుగేళ్లకు తిరిగి వస్తారు. ఆ ఏళ్లను దాచడానికి పాత కంపెనీ తేదీలు సాగదీసిన కాగితాలు చూసినప్పుడు నాకు బాధనిపిస్తుంది. ఆ ఖాళీకి నేను ఒక్క మార్కు కూడా తగ్గించను. తిరిగి వచ్చేముందు ఏం చదువుకున్నారో, ఏ కొత్త మార్గదర్శకం చూశారో ఒక్క వాక్యం ఉంటే చాలు.

ఫ్రెషర్ల కాగితాల దగ్గర నేను అన్నిటికంటే ఎక్కువసేపు ఆగుతాను. నల్లగొండ జిల్లా నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఎమ్మెస్సీ, మంచి మార్కులు. రెజ్యూమె అరపేజీ. ప్రాజెక్టు అన్న చోట శీర్షిక ఒక్కటే ఉంది, భూగర్భ జలాల విశ్లేషణ అని. కింద హాబీలు, బలాలు, బలహీనతలు.

“ప్రాజెక్టులో ఏం చేశావమ్మా?”

“నీళ్లల్ల ఫ్లోరైడ్ చూసినం మేడమ్. చిన్న ప్రాజెక్టే.”

“ఎక్కడి నీళ్లు?”

“మా మండలంలనే. బోర్ల కాడికి పోయి పట్టుకొచ్చినం.”

అడిగినకొద్దీ చెప్పింది. సీసాలు గాజువి కాకుండా ప్లాస్టిక్‌వి ఎందుకు తీసుకున్నారో చెప్పింది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ని రోజూ ఎన్ని స్టాండర్డ్లతో కాలిబ్రేట్ చేశారో, శాంపిల్లో టైసాబ్ బఫర్ ఎందుకు కలిపారో చెప్పింది. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు. వాళ్లు నీళ్లు పట్టుకొచ్చిన బోర్లలో చాలావాటికి లెక్క ఆ పరిమితి దాటింది. ఒక స్కూలు బోరు లెక్క ఎక్కువ వస్తే నమ్మలేక మళ్లీ వెళ్లి శాంపిల్ తెచ్చి చేశారు, అదే వచ్చింది. మొదటి రిజల్ట్‌ని కొట్టేయకుండా రెండూ నోట్‌బుక్కులో ఉంచారట.

మా ల్యాబుల్లో అనుకున్న పరిధి దాటిన ఫలితాన్ని ఓఓఎస్ అంటాం. అది వస్తే ఏం చేయాలో నేర్పడానికి ఎన్నో క్లాసులు తీసుకుంటాం. మొదటి ఫలితాన్ని దాచకూడదు, కారణం వెతకాలి, రెండూ రికార్డులో ఉండాలి. ఈ అమ్మాయి ఆ పేరు వినకుండానే ఆ పని చేసి వచ్చింది. కాగితంలో మాత్రం ‘హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్’ అని ఉంది.

ఆమెతో అక్కడే పెన్ను తీయించి, వెనకవైపు రాయించాను. మొదట తెలుగులో రాయమన్నాను, ఇంగ్లీషు తర్వాత చూద్దామని. ఎన్ని ఊళ్లు, ఏ పద్ధతి, ఏ పరికరం, ఏం తేలింది, అనుమానం వచ్చినప్పుడు ఏం చేశారు. ఐదు వాక్యాలు వచ్చాయి. వాటిని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చుకుంది. బలహీనతలు, హాబీలు కొట్టేయించి ఆ చోటు దీనికి ఇప్పించాను. నేను అడిగితే గాని బయటికి రాని ఈ సంగతులు ఇంకెంతమంది కాగితాల్లో రాకుండా ఉండిపోతున్నాయో అన్న ఆలోచన నన్ను వదలదు. తాము చేసింది చిన్నపని అని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఎవరు నూరిపోస్తారో నాకు అర్థం కాదు. కాలేజీ అధ్యాపకులకు నా విన్నపం ఇదే. చివరి సెమిస్టరులో ఒక్క మధ్యాహ్నం కూర్చోబెట్టి, ల్యాబ్‌లో, ప్రాజెక్టులో చేతులతో ఏం చేశారో ప్రతి ఒక్కరి చేతా తెలుగులో చెప్పించండి. ఇంగ్లీషు కాగితం దానంతటదే కుదురుతుంది.

ప్రొడక్షన్ నుంచి వచ్చేవాళ్ల కాగితాలు నేను నేరుగా చూడను గానీ, పక్క బల్ల మీదే ఉంటాయి. వాళ్లకూ ఇదే సూత్రం. ఎన్ని కిలోలీటర్ల రియాక్టరు, స్టెయిన్‌లెస్ స్టీలా, గ్లాస్ లైన్డా, హైడ్రోజనేషన్ నడిపారా, సెంట్రిఫ్యూజా ఏఎన్‌ఎఫ్‌డీనా, బ్యాచ్ ఎంత పరిమాణం. ప్రమాదకరమైన రసాయనం వాడినప్పుడు వర్క్ పర్మిట్ ఎవరు చూసేవాళ్లు. భద్రత గురించి ఒక్క ముక్క కూడా లేని ప్రొడక్షన్ రెజ్యూమె చూస్తే మా ప్లాంట్ హెడ్ పక్కన పెట్టేస్తారు. ఆయన చేసేది సరైన పనే.

రూపం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫ్రెషర్లకు ఒక పేజీ, అనుభవమున్నవాళ్లకు రెండు. ఇటీవలి ఉద్యోగం పైన, పాతది కింద. తండ్రి వృత్తి, మతం, పెళ్లి వివరాలు ఇక్కడి ఉద్యోగానికి అక్కర్లేదు. సర్టిఫికెట్లో ఇంటిపేరు ఎలా ఉందో కాగితంలోనూ అలాగే ఉండాలి. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు ఉంటే వెరిఫికేషన్‌లో వారాలు పోతాయి. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో రాయండి, ఎందుకంటే షిఫ్టు బస్సు ఆ దారిన వెళ్తుందో లేదో మేం చూసుకోవాలి. నోటీసు పీరియడ్ మూడు నెలలైతే మూడు నెలలనే రాయండి. అడుగున డిక్లరేషన్ అని ఒక వాక్యం పెడతారు, పై వివరాలన్నీ నిజమని. ఎక్కువమంది దాన్ని చదవకుండానే సంతకం చేస్తారు. మా దగ్గర ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు చదవాలి. ఇక్కణ్నుంచే అలవాటు చేసుకుంటే మంచిది.

తప్పంతా పిల్లల మీద తోసేయడం న్యాయం కాదు. మన ప్రకటనలు చూడండి. ‘క్యూసీ: ఎమ్మెస్సీ/బీఫార్మసీ, 2–6 ఏళ్లు’ అని ఒక గీత. దాన్ని చూసి ఎవరైనా ఏం రాయగలరు? అన్నీ వచ్చని రాస్తారు. ఈ సంగతి మా హెచ్‌ఆర్ వాళ్లతో చాలాసార్లు వాదించాను. పేపర్లో చోటు ఖరీదు, నిజమే. వాట్సాప్‌లో పంపడానికి ఆ ఇబ్బంది లేదు కదా. ఈ మధ్య మా ప్రకటనలో సెక్షన్లవారీగా రాస్తున్నాం: స్టెబిలిటీకి ఇద్దరు, ఎంపవర్ మీద పని తెలిసినవాళ్లు, ఇన్-ప్రాసెస్‌కి ముగ్గురు, రాత్రి షిఫ్టులు ఉంటాయి, జీసీ హెడ్‌స్పేస్‌కి ఒకరు, ఫ్రెషర్లైతే ప్రాజెక్టులో చేసిన పని ఐదు వాక్యాల్లో రాసి తీసుకురండి. ఈ చివరి మాట కోసం నేను పట్టుబట్టాల్సి వచ్చింది. వచ్చే జనం కొంచెం తగ్గారని హెచ్‌ఆర్ వాళ్లు అంటారు. నా బల్ల దగ్గర మాత్రం ఒక్కొక్కరితో మాట్లాడే సమయం పెరిగింది. ఆ ఐదు వాక్యాలు తెలుగులో రాసుకొచ్చినా తీసుకుంటామని వచ్చేసారి ప్రకటనలో కలపమని అడిగాను.